ఆ అయిదో నంబరు నాది కాదు

మా ఆవిడ ట్యూషన్ క్లాసులు చెడగొట్టింది నేను. వాన కాదు, కేబుల్ కుర్రాడు కాదు, పాతబడిన టాబ్లెట్ కాదు. ఇంట్లో నా కంప్యూటర్‌కు నాకు తోచిన నంబరు ఒకటి పెట్టేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, సరిగ్గానే చేశానన్న ధీమాతో వారాల తరబడి అందరిలోనూ తప్పు వెతికాను. ఇంట్లో వాళ్లకు ఇప్పుడు ఈ విషయం తెలుసు. బంధువుల్లో కొందరు మాత్రం ఇంకా అదంతా కేబుల్ వాళ్ల నిర్వాకమే అనుకుంటున్నారు. వాళ్లకు అలా చెప్పింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇది రాస్తున్నాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. మా ఆవిడ సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు టాబ్లెట్ మీద లెక్కలు చెబుతుంది. ఆవిడ తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలు, గీసుకున్న పటాలు అన్నీ నా డెస్క్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. టాబ్లెట్‌లోంచి వైఫై మీద ఆ ఫోల్డర్ తెరుచుకుని, కావలసిన కాగితం తీసి పిల్లలకు చూపిస్తుంది. అలా తెరుచుకోవాలంటే టాబ్లెట్‌కు నా కంప్యూటర్ నంబరు తెలియాలి. 192.168.1.8 అని ఒకసారి రాసి పెట్టాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక నా కంప్యూటర్ నంబరు 11 అయి కూర్చుంది. ఫోల్డర్ తెరుచుకోలేదు. మళ్లీ రాశాను. మరోసారి కరెంటు పోయింది, మళ్లీ మారింది.

"ఏవండీ, ఇది ఒక చోట నిలబడేట్టు చేయలేరా?" అని అడిగింది.

చేస్తానన్నాను. ఆవిడకు ఉపయోగపడాలనే మొదలుపెట్టాను. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. ఎవరి కోసం మొదలుపెట్టానో చివరికి వాళ్లనే దెబ్బతీశానని చెప్పడానికే చెబుతున్నాను.

ఇంట్లో వైఫైకి తగులుకునే ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉండాలి. ఫోనుకు, టీవీకి, ప్రింటర్‌కు, దేనికి దానికే. ఆ నంబర్లు పంచేది రౌటర్. మనం ఏమీ చేయకపోయినా అది దాని పని చేసుకుపోతుంటుంది. కొత్తగా ఆన్ అయిన ఫోను "ఇక్కడ నంబర్లు ఇచ్చేవారెవరు?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. రౌటర్ ఒక నంబరు చూపిస్తుంది. ఫోను అదే కావాలంటుంది. రౌటర్ సరేనని, ఆ నంబరు ఎదురుగా ఆ ఫోను గుర్తు రాసుకుంటుంది. ఈ పద్ధతికే డీహెచ్‌సీపీ అని పేరు. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని నియమాలను రాల్ఫ్ డ్రోమ్స్ రాశారు, 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే పత్రంగా వచ్చాయి. అందులో నాకు అప్పట్లో తెలియని ముక్క ఒకటుంది. రౌటర్ నంబరును గడువు పెట్టి ఇస్తుంది. చాలా ఇళ్లలో ఆ గడువు 24 గంటలు. సగం గడువు అయ్యేసరికి ఆ వస్తువే మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. మధ్యలో దాన్ని ఆపేసినా, గడువు తీరేదాకా ఆ నంబరు దాని పేరు మీదే ఉంటుంది.

ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే ఆ పని చేసేవాణ్ని కాదు. ఇది ఎక్కడా దాచిన రహస్యం కూడా కాదు. అడిగితే కేబుల్ కుర్రాడు చెప్పేవాడు. నేను అడగలేదు.

అడగకపోవడానికి నా దగ్గర ఒక కారణం ఉండేది. 192.168తో మొదలయ్యే నంబర్లు ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ సొంతంగా వాడుకోవడానికే విడిగా పెట్టారని ఎక్కడో చదివాను. అది నిజమే. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918లో ఆ వరుసనూ, 10తో మొదలయ్యే వరుసనూ, 172.16 నుంచి 172.31 వరకూ ఉన్న వరుసనూ అందుకోసమే కేటాయించారు. మా ఇంట్లో ఉన్న నంబరే మచిలీపట్నంలో ఇంకెవరింట్లోనో కూడా ఉండొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు. దాన్ని పట్టుకుని, ఇవి మా ఇంటి నంబర్లు, ఇంకెవర్ని అడగాలి అనుకున్నాను. ఇంటి బయట ఎవరినీ అడగనక్కర్లేదు. ఇంట్లో లెక్క రాసుకునే రౌటర్‌ను మాత్రం అడగాలి. ఆ రెండో మాట నా బుర్రకు తట్టనే లేదు.

ఒక మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని, నల్ల తెర తెరిచి, ఏ నంబరు ఖాళీగా ఉందో పింగ్ కొట్టి చూశాను. 2 పలికింది. 3, 4 కూడా పలికాయి. 5 పలకలేదు. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని నాలుగు వరుసలు వచ్చాయి. పలకలేదు కాబట్టి ఖాళీ అని తీర్మానించాను. ఆ సమయంలో మా ఆవిడ టాబ్లెట్ బీరువాలో, ఆపేసి ఉంది. 5 దానిదే.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ అడాప్టర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాను. వెర్షన్ 4 అన్న వరుస మీద నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో రెండు గుండ్రటి బొత్తాలు ఉంటాయి. మొదటిది, అడ్రస్ దానంతటదే తెచ్చుకోమని. రెండోది, నేను ఇచ్చే అడ్రస్ వాడమని. రెండోది నొక్కాను. గళ్లు తెల్లబడ్డాయి. ఐపీ అడ్రస్ గడిలో 192.168.1.5, సబ్‌నెట్ మాస్క్‌లో 255.255.255.0, గేట్‌వేలో రౌటర్ నంబరు 192.168.1.1 వేశాను. కింద డీఎన్‌ఎస్ గడులు ఖాళీగా వదిలేస్తే ఒక్క సైటూ తెరుచుకోలేదు. పేర్లను నంబర్లుగా మార్చి చెప్పేవాళ్లెవరో చేత్తో రాయాల్సిన బాధ్యత కూడా ఇప్పుడు నాదేనన్నమాట. 8.8.8.8 అని వేశాను. అన్నీ తెరుచుకున్నాయి. నా ఫోనులోంచి ఫోల్డర్ తెరిచి చూశాను, తెరుచుకుంది. ఆవిడను పిలిచి, "ఇక నీకు ఇబ్బంది లేదు, 5 అని గుర్తు పెట్టుకో" అన్నాను.

ఆ సాయంత్రం టాబ్లెట్ ఆన్ అయింది. అంతకుముందు తనకిచ్చిన నంబరే మళ్లీ ఇమ్మని రౌటర్‌ను అడిగింది. రౌటర్ తన పట్టిక చూసుకుంది. 5 ఎదురుగా ఈ టాబ్లెట్ గుర్తే ఉంది. సరేనంది. టాబ్లెట్ చేసిన తప్పు లేదు, రౌటర్ చేసిన తప్పూ లేదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నవాణ్ని నేను. ఆ సీటు టికెట్ కొనుక్కున్న మనిషిది.

ఒకే నంబరు ఇద్దరికి ఉంటే ఏమవుతుందో వివరంగా చెబుతాను. ఇదే నేను ఆలస్యంగా తెలుసుకున్నది, ఇదే నన్ను బాధపెట్టింది కూడా. ఇంటి లోపల సమాచారం నిజానికి ఈ నంబరుతో చేరదు. ప్రతి యంత్రానికీ తయారైనప్పుడే ఒక గుర్తు వేస్తారు, మ్యాక్ అడ్రస్ అంటారు, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుంటుంది. బయటి నుంచి 5కు ఏదైనా వస్తే రౌటర్ "5 ఎవరిది?" అని ఇల్లంతా వినపడేలా అడుగుతుంది. నాదే అని ఎవరు జవాబిస్తే వాళ్ల మ్యాక్ రాసుకుని, కొంతసేపు అన్నీ అటే పంపుతుంది. దీన్ని ఏఆర్‌పీ అంటారు. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 826 దానికి మూలం. ఆ పద్ధతిలో రుజువు అడగడం అంటూ లేదు. జవాబిచ్చిన వాళ్లను నమ్మడమే.

కాబట్టి మా ఆవిడ త్రికోణమితి చెబుతుండగా నేను ఇటు పక్క గదిలో ఏదో పేజీ తెరిస్తే, రౌటర్ 5 అంటే నా డెస్క్‌టాప్ అని రాసుకునేది. ఒక పిల్లవాడు అడిగిన సందేహం, వాడి గొంతు, అది మోసుకొచ్చే సమాచారమంతా నా కంప్యూటర్ దగ్గరికి వచ్చి చేరేది. నా కంప్యూటర్‌కు అది తను అడిగింది కాదు కాబట్టి పారేసేది. టాబ్లెట్ మళ్లీ ఏదైనా పంపాక రౌటర్ మనసు మార్చుకుని అటు తిరిగేది. పిల్లల ముఖాలు కదలకుండా నిలిచిపోయేవి. ఆవిడ "వినపడుతోందా, వినపడుతోందా" అని అడుగుతూ ఉండేది. నేను గోడకు ఇవతల కూర్చుని అచ్చుతప్పులు దిద్దుకుంటూ, ఆ మాటలు వింటూ, ఈ కేబుల్ వాళ్లు ఎందుకిలా చేస్తున్నారని విసుక్కునేవాణ్ని.

నాకూ పేజీలు ఆగి ఆగి వచ్చేవి. లైనే బాగోలేదని ఇంకా గట్టిగా నమ్మడానికి అది తోడ్పడింది. ఇద్దరికీ ఇబ్బంది ఉందంటే తప్పు ఇంటి బయటే ఉందని నా లెక్క. ఫోల్డర్ కూడా తెరుచుకోవడం లేదని ఆవిడ చెబితే, నా ఫోనులో తెరిచి చూపించి "లోపం టాబ్లెట్‌లో ఉంది" అన్నాను. టాబ్లెట్ నంబరే 5 అయినప్పుడు, అది 5 కోసం వెతికితే తన తలుపే తాను కొట్టుకోవాలి, నా కంప్యూటర్‌కు ఎలా చేరుతుంది? అప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే అక్కడే దొరికిపోయేది. నేను ఆగలేదు.

కంప్యూటర్ కూడా నాకు చెప్పింది. తెర కింద మూలన ఒకటి రెండు మార్లు ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని చిన్న గడి పైకి వచ్చింది. ప్రూఫులకు అడ్డం వస్తోందని మూసేశాను. చదువు చదివినవాణ్ని, అక్షరాల మీదే బతికేవాణ్ని. ఆ గడిలో ఏం రాసి ఉందో చదవలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇది కాదు. ఒక రాత్రి అన్నం తింటుండగా మా ఆవిడ అంది: "మీరు కంప్యూటర్ ముందు కూర్చున్న రోజునే నా క్లాసు ఆగుతోందండీ. మీరు ప్రెస్సుకు వెళ్లిన రోజు ఏమీ కావడం లేదు." ఆవిడ లెక్కల టీచరు. రెండు విషయాలు కలిసి వస్తున్నాయంటే చూసి చెబుతుంది గానీ ఊరికే అనదు. నేను "నా కంప్యూటర్‌కీ నీ టాబ్లెట్‌కీ సంబంధం ఏముంది? నీకు ఇవన్నీ తెలియవు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు. ఒక పిల్లవాడి తల్లి ఫోన్ చేసి, క్లాసు సగం వినపడటం లేదని, వేరేచోట చేర్పిస్తామని మర్యాదగానే చెప్పింది. ఆ ఫోను వచ్చినప్పుడు కూడా నేను ఎదురుగానే ఉన్నాను.

మధ్యలో ఒకసారి తెనాలిలో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. డెస్క్‌టాప్ విజయంతో అప్పటికే లాప్‌టాప్‌కు కూడా 6 అని చేత్తో పెట్టేశాను. కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టిన నంబరు ఆ ఒక్క ఇంటికే పరిమితం కాదు, ఎక్కడ ఏ వైఫైకి తగిలించినా వెంటే వస్తుంది. వాళ్ల రౌటర్ 192.168.0.1. నా లాప్‌టాప్ అక్కడ లేని 192.168.1.1 కోసం వెతుకుతూ కూర్చుంది. "మీ వైఫై బాగాలేదురా" అన్నాను. "మా అందరి ఫోన్లూ బాగానే ఉన్నాయి కదన్నయ్యా" అన్నాడు వాడు. అయినా కంపెనీ మార్చమని సలహా ఇచ్చి వచ్చాను. వాడు మార్చలేదు, మంచి పని చేశాడు.

ఇక కేబుల్ కుర్రాడి సంగతి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. పిలిచినప్పుడల్లా వచ్చాడు. స్తంభం దగ్గర జాయింటు చూశాడు. ఇంట్లోకి వచ్చే ఫైబర్ కొసను తుడిచి, కొత్త కనెక్టర్ వేశాడు. చేతిలో మీటరు పెట్టుకుని వెలుతురు కొలిచి, "మైనస్ 21 ఉంది బాబాయ్ గారూ, మైనస్ 27 దాకా పడిపోతే కదా ఇబ్బంది" అన్నాడు. రౌటర్ మీద ఎర్ర దీపం వెలగడం లేదని చూపించాడు. నేను వినలేదు. "నెలనెలా డబ్బు మాత్రం టైముకు పట్టుకెళ్తారు" అన్నాను, వీధిలో నలుగురూ వినేట్టు. వాడు తల దించుకుని బండి తీసుకుని వెళ్లిపోయాడు. అప్పటికి వాడు చెప్పిన ప్రతి ముక్కా నిజం.

ఆఖరుసారి వచ్చినప్పుడు వాడు నన్ను అడగడం మానేశాడు. "పిన్నిగారూ, ఏ టైములో ఆగుతోందో గుర్తుందా?" అని మా ఆవిడను అడిగాడు. ఆవిడ తన పాఠాల నోటుబుక్కు తెచ్చింది. ప్రతి క్లాసు పక్కనా ఎన్ని గంటలకు ఆగిందో, మళ్లీ ఎప్పుడు వచ్చిందో పెన్సిల్‌తో రాసుకుంది. కొన్నిటి పక్కన "ఆయన కంప్యూటర్" అని చిన్న అక్షరాలతో ఉంది. నాకు చెబితే కొట్టిపారేశానని, నోరు మూసుకుని రాసిపెట్టుకుంది.

వాడు ఆ పేజీలు తిప్పి చూసి, డెస్క్‌టాప్ ఆపమన్నాడు. టాబ్లెట్‌లో ఒక పాఠం వీడియో పెట్టాడు. సాఫీగా నడిచింది. డెస్క్‌టాప్ ఆన్ చేసి ఏదైనా తెరవమన్నాడు. కాసేపటికి వీడియో నిలిచిపోయింది. తర్వాత తన ఫోనులో రౌటర్ పేజీ తెరిచి, ఏ నంబరు ఎవరికిచ్చిందో ఉండే పట్టిక తీశాడు. 192.168.1.5 ఎదురుగా టాబ్లెట్ పేరు ఉంది. నా కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టించాడు. ఐపీవీ4 అడ్రస్ అన్న చోట 192.168.1.5. ఫోను తెచ్చి మానిటర్ పక్కన పెట్టి రెండిటినీ చూపించాడు.

"ఈ నంబరు మీరేమైనా పెట్టారా బాబాయ్ గారూ?" అని అడిగాడు.

"అదే వచ్చినట్టుంది" అన్నాను.

ఇంతసేపూ రాసిన వాటిలో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఈ ఒక్క వాక్యం. నంబరు ఎంచుకోవడం తెలియక చేసింది. ఆవిడ మాట వినకపోవడం అహం. ఇది మాత్రం అబద్ధం, ఎదురుగా నిజం కనపడుతుండగా, తెలిసి ఆడింది. దానంతటదే వచ్చే నంబరైతే ఆ పెట్టెలో మొదటి బొత్తం నొక్కి ఉండాలి. వాడు పెట్టె తెరిచాడు. రెండో బొత్తం నొక్కి ఉంది. వాడు నా ముఖం చూడలేదు. ఏమీ అనకుండా మొదటి దానికి మార్చి, ఓకే కొట్టాడు. మా ఆవిడ మాత్రం నన్ను చూసింది.

ఆ రాత్రి ఆవిడకు మొత్తం చెప్పాను. పింగ్ కొట్టింది, పలకలేదని తీసుకున్నది, కింద మూలన వచ్చిన గడి మూసేసింది కూడా. క్లాసు మానేసిన పిల్లవాడి తల్లికి నేనే ఫోన్ చేసి, లోపం మా ఇంట్లోదని, నా వల్ల జరిగిందని చెప్పాను. మర్నాడు కుర్రాడిని పిలిచి, ఏ వీధిలో అరిచానో ఆ వీధిలోనే నిలబడి, నువ్వు చెప్పిందే నిజం, నంబరు పెట్టింది నేను అని ఒప్పుకున్నాను. "ఇలాంటివి చాలా ఇళ్లల్లో చూస్తుంటాం బాబాయ్ గారూ" అన్నాడు. నన్ను తేలిగ్గా వదిలేయడానికి అన్నాడో, నిజంగానే చూస్తుంటాడో. ఆ రోజు వాడి దగ్గరే కూర్చుని నేర్చుకున్నాను.

తర్వాత చదివాను కూడా. ముందు చదవాల్సింది. ఇలాంటి గొడవలు రాకుండా నంబరు తీసుకునే ముందు మూడుసార్లు అడిగి చూడమని 2008 జూలైలో స్టువర్ట్ చెషైర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5227 చెబుతుంది. అలా అడిగినా జవాబు చెప్పాల్సింది బీరువాలో ఆపేసి ఉంటే ఏం లాభం? యంత్రాలు ఒకదాన్నొకటి అడిగి తేల్చుకునే దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక ఎవరో ఒకరి దగ్గర లెక్క ఉండి తీరాలి. ఇంటర్నెట్ మొదటి రోజుల నుంచీ ఇది ఉన్నదే. ఏ పనికి ఏ నంబరో ఒక్కరే పంచి, ఒక చోట రాసి పెట్టాలని 1972లోనే జాన్ పోస్టెల్ ప్రతిపాదించారు. ఆ పని ఆయనే నెత్తిన వేసుకుని, 1998 అక్టోబరులో చనిపోయేదాకా చూసుకున్నారు. ప్రపంచమంతటికీ అవసరమైన ఆ లెక్క నా ఇంటికి అక్కర్లేదని ఎలా అనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న ఏర్పాటు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందని. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ అన్న చోట, అది పంచే వరుస 2 నుంచి 254 దాకా ఉండేది. దాన్ని 100 నుంచి 200 దాకా కుదించాం. అక్కడే అడ్రస్ రిజర్వేషన్ అని ఒక భాగం ఉంది. అందులో నా డెస్క్‌టాప్ మ్యాక్ అడ్రస్, దాని ఎదురుగా 192.168.1.20 రాశాం. ప్రింటర్‌కు 21. కొన్ని రౌటర్లు అవి పంచే వరుస లోపలి నంబర్లనే రాయనిస్తాయి. అప్పుడు ఆ వరుసలోదే ఒకటి రాసినా ఫరవాలేదు, రౌటర్ దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు. కంప్యూటర్‌లో మాత్రం ఏమీ రాయలేదు, మొదటి బొత్తమే నొక్కి ఉంది. అది మామూలుగానే అడుగుతుంది, రౌటర్ ప్రతిసారీ 20నే ఇస్తుంది. గేట్‌వే, డీఎన్‌ఎస్ కూడా రౌటరే చెబుతుంది. లాప్‌టాప్‌లోనూ 6 తీసేసి మొదటి బొత్తమే నొక్కాం కాబట్టి, తెనాలి పట్టుకెళ్తే అక్కడి రౌటర్ ఇచ్చింది తీసుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. ఒకే కంప్యూటర్‌కు కేబుల్‌కు ఒక మ్యాక్, వైఫైకి మరో మ్యాక్ ఉంటాయి. ఏది వాడుతున్నారో దానిదే రాయాలి. ఫోన్లలో, ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్లలో 14వ ఐఓఎస్ నుంచీ, అసలు గుర్తు దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత గుర్తు చూపించే ఏర్పాటు వచ్చింది. బయటి చోట్ల అది మంచిదే. ఫోనుకు నంబరు ఖాయం చేయాలనుకుంటే ఇంటి వైఫై వరకు దాన్ని ఆపుకోవాలి. రౌటర్ మారిస్తే ఈ రాతలన్నీ పోతాయి కాబట్టి మా ఆవిడ నోటుబుక్కు చివరి పేజీలో అన్నీ రాసి ఉంచాం. ఆవిడ చేతిరాతతోనే.

పిల్లవాడు తిరిగి రాలేదు. పరీక్షలకు ముందు అంత తిరుగుడు ఎవరు పడతారు, వాళ్లను అనేదేమీ లేదు. మిగతా క్లాసులు సాగుతున్నాయి, ఫోల్డర్ తెరుచుకుంటోంది.

మీ ఇంట్లో ఏ యంత్రానికైనా ఇలా చేత్తో నంబరు పెట్టి ఉంటే, ఈ రోజే రౌటర్ పేజీ తెరిచి ఆ నంబరు ఇంకెవరి పేరు మీదైనా ఉందేమో చూడండి. ఉంటే తీసేసి రిజర్వేషన్‌లో రాయండి. చేతకాకపోతే కేబుల్ కుర్రాణ్ని పిలిచి, ఏం చేశారో దాచకుండా చెప్పండి. పావుగంట పని. మీరు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే నెట్ పోతోందని ఇంట్లో ఎవరైనా అంటే, ఎవరికీ ఫోన్ చేయక ముందు, వాళ్లతో వాదించక ముందు, ఆ కంప్యూటర్ ఒకసారి ఆపి చూడండి.